గుప్పిట స్వామి, మూసిన డ్రైవరు

నిజం చెప్పండి: మీ ఇంట్లో టీవీ బొమ్మ ఆగి ఆగి వస్తున్నప్పుడు లేచి వెళ్లి దాని నెత్తిన ఒక్కటి వేశారా లేదా? వేసిన వెంటనే బొమ్మ కుదురుకుంటే మీ అరచేతిలో ఏదో ఉందని లోలోపల మురిశారా లేదా? మురిశారు. మరుసటి రోజు అదే దెబ్బకు కుదరకపోతే దెబ్బ సరిగ్గా పడలేదనుకున్నారే తప్ప, దెబ్బకూ బొమ్మకూ అసలు సంబంధమే లేదేమోనని అనుకోలేదు. మూఢనమ్మకం గుడిమెట్ల మీదా, దర్గా గుమ్మంలోనూ, చర్చి గంట కిందా ఉంటుందనీ, మన ఇంటికి రాదనీ మీ ధీమా. నాకూ ఆ ధీమా ఉండేది. అది మన అరచేతిలోనే కాపురం ఉంటుందని నాకు నేర్పింది ఏ గ్రంథమూ కాదు. నంద్యాలలో ఒక పాత కంప్యూటరు, ఆళ్లగడ్డలో ఒక బావ.

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. (ఇరవై నాలుగేళ్ల వయసులో ఎవరికీ ఉండదు. తెలియనివి ఆ తర్వాతే ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి.) పగలు నంద్యాలలో ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. సాయంత్రం నూనెపల్లెలో సైకిల్ షాపు మేడమీద మా హేతువాద సంఘం గదిలో కూర్చుని ప్రపంచాన్ని సరిచేసేవాణ్ణి. పెన్‌డ్రైవులు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న కాలం అది. ఇంటర్నెట్ కావాలంటే సెంటరుకు పోయి చెమటలు కక్కుతూ కూర్చోవాల్సిందే. మా సంఘానికి పెద్దదిక్కు తీర్మానం సారు. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. తీర్మానం చేయనిదే దేనికీ అడుగు వేయడు కనుక ఆ పేరు వచ్చింది. గదిలో ఫ్యాను ఏ నంబరులో తిరగాలన్న దానికి కూడా మాకొక తీర్మానం ఉండేది. చిన్నప్పుడు సండే స్కూలు పోటీల్లో వాదించి వాదించి నెగ్గి, చివరికి ఆ వాదనాబలంతోనే పాస్టరుగారిని ఇరకాటంలో పెట్టి బయటపడ్డాడట. అయినా ఆదివారం భార్యను చర్చి దగ్గర దింపి, పాటలన్నీ అయ్యేదాకా గోడ బయట నిలబడి వినేవాడు. ఇదేమిటి సార్ అంటే, శ్రుతికి మతం లేదబ్బీ అని మా నోరు మూయించేవాడు.

సంఘంలో ఒక ఆచారం ఉండేది. (ఆచారాలను ఖండించే సంఘానికి ఆచారమేమిటని అడగకండి. అది మాకు అప్పుడు తట్టలేదు.) ఎవరైనా తాను నెగ్గించుకున్న తీర్మానాన్ని రద్దు చేయించాలంటే, తన పాత ఉపన్యాసానికి తానే ఎదురు నిలబడి ఓడించాలి. ఇంకెవరూ సాయం రాకూడదు. దీన్ని పక్క మార్చడం అనేవాళ్లం. తన నోటితో తాను చెప్పినదాన్ని ఖండించడం ఎంత కష్టమో చూడాలంటే మీరు మీ ఇంట్లో ఒక్కసారి ప్రయత్నించి చూడండి. ఆ భయంతోనే మా తీర్మానాలు శాసనాల్లా నిలిచిపోయేవి.

పాణ్యం, గడివేముల, అవుకు చుట్టుపక్కల పల్లెల్లో సైన్సు సినిమాలు చూపించాలన్నది అప్పటి మా పెద్ద కార్యక్రమం. మూతపడిన ఇంటర్నెట్ సెంటరు నుంచి ఒక పాత కంప్యూటరు తెచ్చుకుని, హైదరాబాదు నుంచి గ్రాఫిక్స్ కార్డు తెప్పించి, కంప్యూటరులో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్సు వేసి నేనొక పెట్టె తయారుచేశాను. మీట నొక్కగానే సినిమాల వరస తెరమీదికి వస్తుంది, రిమోటుతో నడుస్తుంది, ఏ ఊళ్లో ఏ టీవీకైనా తగిలించుకోవచ్చు. దానికి మేం పెట్టుకున్న పేరు సినిమా పెట్టె. దొంగ సీడీతో కంప్యూటరు నడుపుకుంటూ జనానికి నిజాయితీ బోధించకూడదు కనుక లైనక్సు అన్నాం. అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆగలేదు. బల్ల చరిచి ఉపన్యసించాను. "లోపల ఏముందో చూపించని ప్రోగ్రాముకూ గుప్పిట విప్పని స్వామికీ తేడా ఏమిటి? నమ్ము, అడగకు అనేవాణ్ణి మనం బయట ఒప్పుకోం. మన పెట్టెలో ఎందుకు ఒప్పుకోవాలి?" చప్పట్లు మోగాయి. ఎవరైనా విప్పి చదువుకోగలిగిన ప్రోగ్రాములు తప్ప ఇంకేవీ మా పెట్టెలోకి రాకూడదని ఏకగ్రీవ తీర్మానం అయింది. తీర్మానం సారు నా భుజం తట్టాడు. నేను మేడమెట్లు నేలమీద కాలు ఆనకుండా దిగాను.

ఇక ఆళ్లగడ్డ సంగతి. మా అక్కను అక్కడ ఇచ్చాం. బావది పశువుల దాణా అంగడి. తవుడు, చెక్క, పత్తిగింజలు తూచి అమ్ముతాడు. నవ్వకుండా నవ్వించే మనిషి. ఆయనకు చక్కెర జబ్బు వచ్చింది, డాక్టరు మాత్రలిచ్చాడు, తీపి మానెయ్యమన్నాడు. ఆ మాట బావకు మింగుడుపడలేదు. సరిగ్గా అప్పుడే ఆ ఊళ్లో ఒక స్వామి వెలిశాడు. ఖాళీ చెయ్యి గాల్లో తిప్పి గుప్పిట పట్టి విభూది రాలుస్తాడు. (మా సంఘంలో ఆయనకు పెట్టిన పేరు గుప్పిట స్వామి.) ఆ విభూది నాలిక మీద వేసుకుంటే మాత్రలక్కర్లేదన్నాడట. బావ మాత్రలు మానేశాడు. చెప్పు కరిచి కాలి మీద లేచిన పుండు ఎంతకీ మానకుండా ఉందని అక్క ఫోను చేసింది. పరుగున వెళ్లాను. నా దగ్గరున్న శాస్త్రజ్ఞానమంతా ఏకబిగిన బావ మీద కుమ్మరించాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. విని మైసూరుపాకు ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"మీ డాక్టరు తినొద్దన్యాడు. మా స్వామి తినొచ్చన్యాడు. నువ్వే చెప్పప్పా, ఇద్దట్లో ఎవురు మంచోడు?"

విభూది గాల్లోంచి ఎలా వస్తుంది బావా అని నిలదీశాను. అక్క వాళ్లుండేది శిల్పుల వీధి పక్కనే. పొద్దున్నించీ ఉలి చప్పుడు ఆగదు. బావ ఆ చప్పుడు వైపు చెయ్యి చూపించాడు. "ఆడ రాతిలోనుంచి దేవుండ్లను తీస్తాండారు. ఈయప్ప గాలిలోనుంచి రోంత బూడిద తీస్తే నీకేం నొప్పి?" నేను నోరు తెరిచేలోపు అసలు మాట అన్నాడు. "మాటలొద్దు బామ్మర్దీ. నా కండ్లకు సూపించు, ఆ పొద్దే మాత్ర మింగుతా." అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. నన్ను వీధి మలుపు దాకా సాగనంపుతూ ఒక్క మాటే అంది. "ఊరూరికీ పోయి చెప్తాండావు గదరా. మీ బావకు సూపించలేవా?"

చూపించే సాధనం అనుకోకుండా దొరికింది. నంద్యాలలో పెళ్లిళ్లకు వీడియో తీసే ఫోకస్ అన్న మా సంఘం గది కిందనే టీ తాగేవాడు. ఆళ్లగడ్డలో ఒక గృహప్రవేశానికి వెళ్లి, కొత్తగా కొన్న పెద్ద కెమెరాతో స్వామిని పక్కనే కూర్చుని తీసి వచ్చాడు. ఆ కెమెరా బొమ్మ ఎంత స్పష్టమంటే మనిషి చెంప మీద నూగు కూడా లెక్కపెట్టుకోవచ్చు. దాని చిన్న తెరలో చూస్తుంటే స్వామి బొటనవేలి మడతలో తెల్లగా ఏదో మెరిసింది. గంజితో కలిపి ఎండబెట్టిన విభూది ఉండ. దాన్ని బొటనవేలి సందున దాచి, చెయ్యి తిప్పి, గుప్పిట్లోకి జార్చి నలిపేస్తున్నాడు. అంతా కంటి రెప్పపాటులో అయిపోతోంది. ఇదంతా నీ కంటపడలేదా అన్నా అంటే ఫోకస్ అన్న నొచ్చుకున్నాడు. పెళ్లికూతుళ్ల మొహాలు చూసే కళ్లు స్వాముల వేళ్లెందుకు చూస్తాయన్నాడు. నేను ఆ వీడియోను మా హార్డ్ డిస్కులోకి ఎక్కించుకున్నాను. కెమెరాలోది ఆయన తర్వాతి ముహూర్తానికి చెరిపేశాడు. ఇక ప్రపంచంలో ఆ బొటనవేలికి సాక్ష్యం మా పెట్టె ఒక్కటే.

మొదట దాన్ని మామూలు సీడీగా మార్చి బావ ఇంట్లో ప్లేయరులో వేశాను. బొమ్మ కుదించుకుపోయి ఉండ కాస్తా మసక చుక్కయింది. బావ దాన్ని దోమ అన్నాడు. అక్కడక్కడ ఆపి చూపిస్తే ఫోటోలైతే స్టూడియోలో ఎట్లంటే అట్ల చేయిస్తారన్నాడు. "ఆపి ఆపి సూపిస్తే ఒప్పుకోను. పారే నీళ్ల మాదిరి పారల్ల." కాబట్టి అసలు వీడియోనే, అసలు నాణ్యతలోనే, ఆగకుండా నడిపి తీరాలి. సినిమా పెట్టెను ఒళ్లో పెట్టుకుని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దగ్గర గుంతల్లో దానికి దెబ్బ తగలకుండా నేనే పైకీ కిందికీ ఎగిరాను. తీర్మానం సారు, ఫోకస్ అన్న నా వెంట వచ్చారు. అక్క ఇంట్లో కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాం. ఇరుగుపొరుగు భక్తులతో సహా వచ్చి కూర్చున్నారు. నేను చిన్న ఉపన్యాసం ఇచ్చి (అది చిన్నది కాదని తర్వాత అక్క చెప్పింది) రిమోటు నొక్కాను.

జరిగింది ఇది. బొమ్మ నాలుగడుగులు నడిచి నిలబడింది. మళ్లీ గెంతింది. మాట ముందు వస్తే పెదవులు తర్వాత కదిలాయి. పాత కంప్యూటరుకు ఆ భారీ వీడియోను విప్పుకోవడం చేతగాక, అందనివాటిని వదిలేసి ముందుకు దూకుతోంది. సరిగ్గా దూకవలసిన చోటే దూకింది. తెరమీద స్వామి ఖాళీ చెయ్యి చాచాడు. తెర ఒక్క క్షణం బిగుసుకుపోయింది. కదిలేసరికి ఆ చేతిలోంచి విభూది ధారగా రాలుతోంది. ఉండ లేదు, బొటనవేలు లేదు, మడత లేదు. అసలు స్వామి చేతికైనా ఎంతో కొంత దాచుకునే శ్రమ ఉంది. నా పెట్టె ఏ మోసమూ లేకుండా అచ్చమైన మహిమ చేసి చూపించింది. గదిలో ఇద్దరు ఆడవాళ్లు చేతులు జోడించారు. నేను మళ్లీ నొక్కాను. మళ్లీ మహిమే. బావ నా వైపు ఎంతో జాలిగా చూశాడు.

"సూసినావా బామ్మర్దీ, మీ లైనక్సులో గూడా స్వామే ఉండాడు."

అని ఊరుకోలేదు, అక్కను పిలిచి అందరికీ మైసూరుపాకు పెట్టమన్నాడు. హేతువాదులం ఇద్దరం, ఫోకస్ అన్న తలలు వంచుకుని తిన్నాం. చాలా బాగుంది. అదే ఇంకా బాధ. తిరుగు బస్సులో తీర్మానం సారు చాలాసేపు కిటికీలోంచి జొన్నచేలు చూసి, మన ప్రచారం వల్ల ఆ స్వామికి ఈ పూట ఎంతమంది కొత్త భక్తులు చేరి ఉంటారని నన్నే అడిగాడు.

ఆ తర్వాత కొన్ని వారాలపాటు నేను చేసిన పనులు మా సంఘం చరిత్రలోకి ఎక్కకూడదని ఎంతో ప్రయత్నించాను. ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, ముక్కూ మొహం తెలియని దేశాలవాళ్లు రాసిన ఆదేశాలను కాగితం మీద దించుకుని వచ్చి, ఒక్క అక్షరానికీ అర్థం తెలియకుండా మా పెట్టెలో కొట్టేవాణ్ణి. అక్షరం తప్పితే ఫలితం పోతుందని భయం. (మంత్రోచ్చారణలో స్వరం తప్పితే కీడంటారని నేనే అంతకుముందు ఒక సభలో నవ్వించి ఉన్నాను.) ఒకేసారి పది మార్పులు చేసేవాణ్ణి; బాగుపడితే దేనివల్లో తెలియదు, చెడిపోతే దేనివల్లో అంతకన్నా తెలియదు. ఒకరోజు బొమ్మ కాస్త మేలుగా నడిచింది. ఆ పూట తీర్మానం సారు తూర్పు గోడ దగ్గర కూర్చుని ఉన్నాడని గుర్తొచ్చి, మర్నాడు కూడా అక్కడే కూర్చోండి సార్ అన్నాను. ఆయన నా మొహం కేసి చూసి, వెళ్లి కూర్చున్నాడు. ఫోకస్ అన్న ఒక నిమ్మకాయకు నాలుగు మిరపకాయలు గుచ్చి పెట్టె మీద వేలాడదీశాడు. అది హేతువాద సంఘం గది, అది హేతువాదుల పెట్టె, దాని మీద దిష్టి నిమ్మకాయ. నేను ఆగ్రహంతో దాన్ని పీకేయబోయాను. ఆ సాయంత్రమే బొమ్మ మరికాస్త బాగా నడిచింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తర్వాత చూద్దాంలే అన్నాను.

ఇంతలో అక్క ఫోను. బావ కాలి పుండు పెరిగింది. స్వామి పుండు మీద కూడా విభూదే చల్లమన్నాడు. "నీ మిషను బాగయ్యేలోపల ఆయప్ప కాలు పోతాదేమోరా" అంది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ధైర్యం చెప్పి ఫోను పెట్టేసేవాణ్ణేమో. ఫోను పెట్టి వచ్చి ఆ నిమ్మకాయ కింద కూర్చుంటే నా మీద నాకే నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఏం చేస్తున్నాను నేను? ఊరందరికీ చెప్పే పద్ధతి ఒక్కటే కదా: ఒక్కటి మార్చు, ఫలితం చూడు, రాసుకో, తర్వాత ఇంకొకటి మార్చు. ఆ పద్ధతి నా పెట్టె గడప దగ్గర చెప్పులతోపాటు విడిచి లోపలికి వస్తున్నాను.

చేసిన మార్పులన్నీ తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. పెట్టె లోపల ఎవరెంత పనిచేస్తున్నారో చూపించే గీత ఒకటి ఉంటుంది. వీడియో నడిచేటప్పుడు ప్రాసెసరు గీత నెత్తికెక్కి కూర్చుంటోంది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం చల్లగా ఉంది. అంటే బొమ్మను విప్పే పనంతా ప్రాసెసరే మోస్తోంది; ఆ పనికే పుట్టిన కార్డు ఊరికే ఉంది. పెళ్లింట్లో వంటమనిషిని మంచమ్మీద కూర్చోబెట్టి పెళ్లికొడుకు నాయన చేత ఉల్లిగడ్డలు తరిగించినట్టు. ఎందుకూ? కార్డుకూ లైనక్సుకూ మధ్య మాట అందించే ప్రోగ్రామును డ్రైవరు అంటారు, మన పాత కాలపు దుబాసీ లాంటిది. మా దుబాసీకి ఆ కార్డుతో బొమ్మను గీయించడం వచ్చు గానీ వీడియోను విప్పించడం రాదు. అది వచ్చిన దుబాసీ కార్డు తయారుచేసిన కంపెనీ దగ్గర ఉన్నాడు, ఉచితంగానే ఇస్తారు. కానీ లోపల ఏముందో చూపించరు. మూసిన డ్రైవరు. మా పెట్టెలోకి అది రాకూడదు. ఎందుకంటే రాకూడదని బల్ల చరిచి తీర్మానం చేయించిన మహానుభావుణ్ణి నేనే.

సభ్యులకు కబురు పెట్టి, పక్క మార్చాలి సార్ అని తీర్మానం సారుతో చెప్పాను. ఆయన కళ్లల్లో మెరుపు కనిపించింది. ఒక తీర్మానం పుట్టినప్పటికన్నా చచ్చేటప్పుడే ఆయనకు ఎక్కువ సరదా. ఆదివారం సభ నిండిపోయింది. సారు నా పాత ఉపన్యాసాన్ని ఒక్క ముక్క పోకుండా, నా గొంతు ఎక్కడ లేచిందో అక్కడే తన గొంతు లేపి, బల్ల కూడా చరిచి నాకే వినిపించాడు. అప్పుడర్థమైంది నేనెంత బాగా మాట్లాడతానో. నా వంతుకు లేచి నిలబడ్డాను. కింద సైకిల్ షాపులో ఎవరో చక్రానికి గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

చివరికి బావ మాత్ర గుర్తొచ్చింది. "ఆ మాత్ర లోపల ఏముందో మనలో ఎవరం విప్పి చూశాం? అయినా మింగమంటున్నాం. ఎందుకు? మింగకముందు రక్తం పరీక్ష, మింగిన తర్వాత రక్తం పరీక్ష. తగ్గకపోతే డాక్టరును అడగొచ్చు, మందు మార్చొచ్చు. స్వామిని పరీక్షిస్తానంటే కళ్లెర్రజేస్తాడు. పనిచేయకపోతే నీ భక్తి చాలలేదంటాడు. మూసి ఉండటం మంచిది కాదు, నేనిప్పటికీ అదే అంటాను. కానీ అసలు నేరం మూయడం కాదు, పరీక్షించనివ్వకపోవడం. ఈ డ్రైవరును మీ అందరి ముందు పెడతాను, తీస్తాను, మళ్లీ పెడతాను. అబద్ధమైతే కిటికీలోంచి పారేస్తాను." ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తీర్మానం సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అబ్బీ, పోయినసారి నువ్వు బాగా మాట్లాడినావు. ఈసారి ఆలోచించి మాట్లాడినావు" అన్నాడు. తర్వాత తన అలవాటు కొద్దీ ఒక సవరణ చేర్చాడు: విప్పి చూపించే డ్రైవరుకు ఆ పని వచ్చేంతవరకు, తాత్కాలికంగా. పాత తీర్మానం ఓడిపోయింది. నా జీవితంలో నన్ను నేను ఓడించి గెలిచిన పూట అదొక్కటే.

పెన్‌డ్రైవులో డ్రైవరు తెచ్చి అందరి ముందూ ఎక్కించాను. ఎక్కింది. వీడియో వేశాను. మళ్లీ అదే గెంతుడు. ఫోకస్ అన్న నిమ్మకాయ వైపు ఆశగా చూశాడు. నేను ఈసారి కంగారుపడలేదు. వీడియో నడిపే ప్రోగ్రాము తాను ఏం చేస్తోందో తెర వెనక వరసగా రాసుకుంటూ పోతుంది. మొదటి రోజు నుంచీ రాస్తూనే ఉంది. నేనే ఒక్కనాడూ చదవలేదు. (దేశదేశాల మంత్రాలన్నీ దించుకున్నవాడికి కళ్లముందున్న వాక్యం చదివే తీరిక లేకపోయింది.) ఇప్పుడు చదివాను. విప్పే పనిని నేనే చేసుకుంటున్నాను, కార్డుకు ఇమ్మని నాకెవరూ చెప్పలేదు అని ఆ ప్రోగ్రాము సాదాసీదాగా చెబుతోంది. దుబాసీ వచ్చి కూర్చున్నాడు గానీ ఆయనతో మాట్లాడమని దీనికి ఎవరూ పురమాయించలేదు. పురమాయించాను. ఒక్క వరస ఆదేశం, అంతే.

రిమోటు నొక్కాను. నెత్తిన కూర్చున్న ప్రాసెసరు గీత జారి అడుగుకు పోయి పడుకుంది. తెరమీద స్వామి చెయ్యి చాచాడు. చెయ్యి తిరిగింది, వేళ్లు ముడుచుకున్నాయి, బొటనవేలి మడతలోంచి తెల్లటి ఉండ దొర్లి గుప్పిట్లోకి జారింది. పారే నీళ్ల మాదిరి పారింది. ఇచ్చిన మాట ప్రకారం డ్రైవరు తీశాను, మహిమ తిరిగొచ్చింది. పెట్టాను, మహిమ పోయింది. తర్వాత అసలు పరీక్ష: నిమ్మకాయ తీశాను, బొమ్మ పారింది. తగిలించాను, పారింది. మళ్లీ తీసేశాను, పారింది. నిమ్మకాయ నిర్దోషి అని ప్రకటించాను. ఫోకస్ అన్న ఒప్పుకోలేదు. "పని అయిపాయ గదప్పా. అందుకే తీసినా నడుస్తాండాది" అన్నాడు. సంఘమంతా కలిసి ఆయన్ని ఇప్పటిదాకా ఓడించలేకపోయింది.

మళ్లీ ఆళ్లగడ్డ, మళ్లీ దుప్పట్లు కట్టిన కిటికీలు. ఈసారి జనం ఇంకా ఎక్కువ వచ్చారు. మా పెట్టెలో స్వామి మహిమ కనిపిస్తుందని ఊళ్లో పేరొచ్చింది మరి. బావ కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. నొక్కాను. ఒకసారి మామూలు వేగంతో పారింది. ఒకసారి ఎక్కడా ఆగకుండా నెమ్మదిగా పారింది. వీధిలో ఉలి చప్పుడు ఒక్కటే. బావ ముందుకు వంగాడు. "ఇంగోసారి ఎయ్" అన్నాడు. వేశాను. ఇంకోసారి అన్నాడు. ఆయన స్వామి మొహాన్ని చూడటం లేదు, విభూదిని చూడటం లేదు. ఆ బొటనవేలినే, చిన్ననాటి స్నేహితుణ్ణి సంతలో గుర్తుపట్టినట్టు చూస్తున్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"ఈ బొటనేలు నాకు తెల్సప్పా. తవుడు తూచేటప్పుడు తక్కెడ మీద నాది గూడా ఇట్లనే పండుకుంటాది."

గది ఒక్క క్షణం బిగుసుకుపోయింది (ఈసారి కార్డు తప్పు కాదు). అప్పుడు వెనక వరసలోంచి, రెండు ఎనుములున్న (గేదెలకు మావైపు మాట అది) ఒక ముసలమ్మ లేచి నిలబడింది. స్వామికి పరమ భక్తురాలు. బావ అంగడికి అంతకన్నా పాత ఖాతాదారు.

"అయితే నాయనా, ఇన్నేండ్లు నా ఎనుములు తిన్నది నీ యేలా?"

ఇక ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. నేను తెచ్చిన శాస్త్రం, తీర్మానం సారు తర్కం, ఫోకస్ అన్న కెమెరా, ఏదీ ఆ గదిలో మహిమను చంపలేదు. ఎనుముల ముసలమ్మ ఆ ఒక్క ప్రశ్నతో చంపేసింది. మోసం ఎంత దూరాన ఉంటే అంత మహిమగా కనబడుతుంది. మన తక్కెడలోకి వచ్చి పడుకుంటే ఒట్టి బొటనవేలే. నవ్వులు సద్దుమణిగేసరికి అక్క బావ పక్కన నిలబడి ఉంది. ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో నీళ్ల చెంబు. ఎప్పుడు లేచి వెళ్లిందో ఎవరూ చూడలేదు. బావ మాత్ర తీసుకుని, అందరికీ కనబడేలా అరచెయ్యి బాగా చాచి, వేళ్లు విప్పి, బొటనవేలు ఎత్తి చూపించి, నోట్లో వేసుకుని మింగాడు.

"మైసూరుపాకు మాటేందప్పా మరి?" అని నన్నడిగాడు. అక్క జవాబు చెప్పింది. ఆమె జవాబు ఇక్కడ రాయను గానీ, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆ డబ్బా ఎక్కడుంటుందో బావకు తెలియదు. డాక్టరు దగ్గరికి మర్నాడే తీసుకెళ్లాం. కాలు నిలబడింది. పుండు మానడానికి చాలా కాలం పట్టింది, కానీ మానింది. ముసలమ్మ పట్టుబట్టడంతో అంగడిలో తక్కెడ పోయి అంకెలు చూపించే కాటా వచ్చింది. స్వామి కొన్నాళ్లకు ఇంకో ఊరు చూసుకున్నాడని విన్నాను. నేను విజయగర్వంతో సినిమా పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కితే, శిరివెళ్ల గుంతలు కూడా నాకు పూలబాటలాగే తోచాయి.

ఇప్పుడు నా జేబులో ఉన్న ఫోను అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద వీడియోను తడుముకోకుండా విప్పుతుంది. దాని లోపల ఏ దుబాసీ కూర్చున్నాడో నేను అడగను. ఆ పాత కార్డుకు విప్పి చూపించే డ్రైవరు వచ్చి కూడా చాలా కాలమైంది. మా తాత్కాలిక తీర్మానాన్ని రద్దు చేయాలని ఎవరికీ గుర్తులేదు. మొన్న ఇంట్లో వైఫై ఆగిపోయింది. నాకు తెలియకుండానే లేచి వెళ్లి ఆ వైఫై పెట్టె నెత్తిన నిమురుతూ నిలబడ్డాను. వచ్చింది. ఒక్క క్షణం మురిశాను కూడా. అప్పుడు నిమ్మకాయ కింద కూర్చున్న ఆ ఇరవై నాలుగేళ్లవాడు గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకున్నాను. వాడు నన్ను చూసి ఉంటే బల్ల చరిచి ఉండేవాడు.

మీరు కూడా నవ్వారు కదా. చాలు, ఇక లేవండి. ఏ స్వామి మాట వినో, ఫోనులో వచ్చిన ఏ కషాయం మాట వినో, ఊరికే విసుగొచ్చో, మీ ఇంట్లో ఒకరు మాత్ర మానేసి ఉంటారు. వాళ్లు చెప్పరు. మీరే అడగాలి. ఈ పేజీ ఇక్కడే మూసి, ఒక చెంబులో నీళ్లు ముంచుకుని, మాత్ర పట్టుకుని వాళ్ల పక్కన వెళ్లి నిలబడండి. ఉపన్యాసం ఇవ్వకండి. మింగేదాకా కదలకండి.